లక్క ప్లేటు నుంచి సెల్‌ఫోన్ దాకా: మన పాట నిల్వ చరిత్ర

ఆదివాసీ బతుకులో పాట లేని సందర్భం లేదు. విత్తనాలు చల్లేటప్పుడు పాట, పెళ్లి పందిట్లో పాట, దండారిలో పాట, పెద్దలను సాగనంపేటప్పుడూ పాటే. మన తాతముత్తాతలు వీటిని పుస్తకాల్లో దాచలేదు, గొంతుల్లో దాచారు. తాత పాడితే మనవడు విన్నాడు. ఆ మనవడు ముసలివాడయ్యాక తన మనవడికి పాడాడు. ఈ వరసలో ఒక్క తరం పాడకపోయినా, ఒక్క తరం వినకపోయినా తాడు తెగిపోతుంది.

గడిచిన సుమారు నూటయాభై ఏళ్లలో గొంతును దాచే యంత్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మైనపు గొట్టం, లక్క ప్లేటు, వినైల్ రికార్డు, టేపు, క్యాసెట్, సీడీ, ఇప్పుడు మన జేబులో సెల్‌ఫోన్. ఈ యంత్రాల చరిత్రను పట్నం వాళ్లు తమ కథగా రాసుకున్నారు. ఆ కథలో మన అడవికీ, మన పాటకీ ఉన్న చోటు ఏమిటో మన యువత తెలుసుకోవాలని ఈ సంచికలో ఈ వ్యాసం రాస్తున్నాం. చదివి ఊరుకోకుండా, చివరలో చెప్పిన పనిని మీరు చేతిలోకి తీసుకోవాలన్నది మా కోరిక.

గొంతును పట్టిన యంత్రం

1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. మాట గాలిలో అల పుట్టిస్తుంది. ఆ అల ఒక పల్చటి రేకును అదిరిస్తుంది. రేకుకు బిగించిన సూది తిరిగే గొట్టం మీద గీత గీస్తుంది. తర్వాత అదే గీత మీద సూదిని నడిపిస్తే రేకు మళ్లీ అదిరి అదే మాట వినిపిస్తుంది. సూత్రం ఇంతే. మొదట తగరపు రేకు మీద, తర్వాత మైనపు గొట్టాల మీద ఈ గీతలు గీశారు.

పదేళ్ల తర్వాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ గొట్టం బదులు బల్లపరుపు పళ్లెం వాడే గ్రామఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. పళ్లెంలో ఉన్న లాభం ఏమిటంటే, ఒక అచ్చు చేసుకుంటే దానితో వేల ప్లేట్లు ఒత్తవచ్చు. పాట వ్యాపారంగా మారింది ఇక్కడే.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశపు గాయకుల పాటలు రికార్డు చేశాడు. వారిలో పేరు మోసిన గాయని గౌహర్ జాన్. ఆమె పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ప్లేట్లు ఒత్తే ఫ్యాక్టరీ జర్మనీలోని హానోవర్‌లో ఉండేది. అక్కడి పనివాళ్లకు మన భాషలు రావు కాబట్టి, ఏ ప్లేటు ఎవరిదో తెలియడానికి గాయకులే పేరు చెప్పాల్సి వచ్చింది. పేరు చెప్పడం వల్ల ఆమె ఈనాటికీ గౌహర్ జాన్‌గానే మిగిలింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్లు ఒత్తే ఫ్యాక్టరీ మొదలైంది. 1928లో దమ్‌దమ్‌లో పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. కుక్క బొమ్మ ఉన్న హెచ్‌ఎంవీ ప్లేట్లు దేశమంతా పాకాయి. కరెంటు అక్కర్లేదు, తాళం తిప్పి స్ప్రింగు బిగిస్తే గ్రామఫోన్ తిరిగేది. కాబట్టి కరెంటు లేని పల్లెల్లో కూడా దొరల ఇళ్లలో, జాతరల్లో అది వినిపించింది.

ప్లేటులో ఉన్నది మన అడవి

ఆ నల్లటి ప్లేటు దేనితో చేశారో చాలామందికి తెలియదు. అది లక్క. రాతిపొడి, నల్లరంగు పొడి, కొద్దిగా నూలు పీచు కలిపి, వాటన్నింటినీ పట్టి ఉంచడానికి షెల్లాక్ అనే శుద్ధి చేసిన లక్క వాడేవారు. లక్క లేకపోతే ప్లేటు లేదు.

లక్క ఎక్కడిది? అడవిది. చిన్న లక్క పురుగులు మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల లేత కొమ్మలకు అతుక్కుని, రసం పీల్చి, తమ చుట్టూ జిగురు కప్పుకుంటాయి. అది గట్టిపడి కొమ్మకు పెచ్చులా మారుతుంది. కొమ్మలు నరికి, పెచ్చు గీకి, దంచి, నీళ్లలో కడిగితే గింజ లక్క వస్తుంది. దాన్ని పొడవాటి గుడ్డ సంచిలో పోసి, బొగ్గుల నిప్పు ముందు పట్టి, మెలిపెట్టి పిండితే కరిగిన లక్క బయటికి కారుతుంది. దాన్ని వేడి మీదనే చేతులతో, కాళ్లతో, పళ్లతో కూడా పట్టి పల్చటి రేకుగా సాగదీసేవారు. ఆ రేకు ముక్కలే షెల్లాక్.

ఛోటానాగపూర్, బెంగాల్, మధ్య భారత అడవుల్లో ఈ లక్కను సేకరించింది ఎక్కువగా ఆదివాసీలే. ప్రపంచానికి కావలసిన లక్కలో అధిక భాగం మన దేశం నుంచే వెళ్లేది. దాని విలువ ఎంతటిదంటే 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క మీద పరిశోధన కోసమే ఒక సంస్థ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు దెబ్బతిని, లక్క యుద్ధ అవసరాలకు మళ్లడంతో, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల కంపెనీల లక్క వాడకం మీద గట్టి కోత పెట్టింది. కొత్త ప్లేట్లు చేయడానికి పాత ప్లేట్లు తెచ్చివ్వమని జనాన్ని అడిగారు. మన అడవి కొమ్మ మీద పురుగు పెట్టిన జిగురు ఆగితే న్యూయార్కులో పాట ఆగే పరిస్థితి అది.

అయితే లక్క గీకిన చేతుల పాటలు ఆ లక్క ప్లేట్ల మీదికి ఎంతవరకు ఎక్కాయి? ఈ ప్రశ్నే మన చరిత్రకు మొదలు.

మూడు నిమిషాలు, మూడు రాత్రులు

10 అంగుళాల 78 ఆర్పీఎం ప్లేటు ఒక వైపు సుమారు 3 నిమిషాలు పాడుతుంది. ఆ మూడు నిమిషాలకు సరిపోయేలా గాయకులు తమ పాటలను కుదించుకున్నారు. కచేరీలో గంటసేపు పాడే రాగం ప్లేటు మీద మూడు నిమిషాలకు దిగింది. నాటకంలో ప్రేక్షకులు మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునే పద్యం ఒకసారికే పరిమితమైంది.

మన పాట అలా దిగేది కాదు. ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ, గోండుల పుట్టుక కథనూ, సగల కథలనూ, పెర్సాపేన్ కథనూ రాత్రుళ్లు రాత్రుళ్లు పాడతారు. కోయ డోలి కళాకారులు పడిగె ముందు నిలబడి ఇలవేల్పుల చరిత్ర చెబుతారు. థింసాకైనా, రేల పాటకైనా గడియారం లేదు. ఆడేవాళ్లు అలిసిపోయినప్పుడే ముగింపు. మూడు నిమిషాల ప్లేటుకు మూడు రాత్రుల పాట పట్టదు.

యంత్రానికి ఇంకో లోపమూ ఉండేది. 1925 దాకా మైక్రోఫోన్‌తో రికార్డింగు లేదు. పెద్ద గరాటు లాంటి కొమ్ములోకి గట్టిగా పాడితేనే సూది కదిలేది. కిక్రి లాంటి మెత్తటి తీగ వాద్యం అందులో వినిపించడమే కష్టం. తుడుం, డప్పు దెబ్బ పడితే సూది గాడి తప్పేది.

వీటన్నింటికంటే పెద్ద కారణం అంగడి. కంపెనీలు అమ్ముడుపోయేదే రికార్డు చేశాయి. తెలుగులో నాటక పద్యాలు, కీర్తనలు, జావళీలు, తర్వాత సినిమా పాటలు వేలాదిగా ప్లేట్ల మీదికి వచ్చాయి. గోండి, కోలామి, కోయ, సవర భాషల్లో పాడేవారికి గ్రామఫోన్ కొనే డబ్బు లేదు. కొనేవాడు లేని పాటను కంపెనీ పట్టించుకోదు. లక్క ఇచ్చింది మనం, ప్లేటు కొనలేకపోయిందీ మనమే.

మన పాటను ఎవరు పట్టుకున్నారు

కంపెనీలు వదిలేసిన చోటికి పరిశోధకులు వచ్చారు. గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వేలో భాగంగా 1913 నుంచి 1929 దాకా దేశంలోని సుమారు వంద భాషలు, యాసల్లో మాటలనూ పాటలనూ గ్రామఫోన్ ప్లేట్ల మీదికి ఎక్కించారు. 240కి పైగా ఉన్న ఆ రికార్డులను ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు. ప్రతి భాషలోనూ ఒకే బైబిల్ కథను చెప్పించడం వారి పద్ధతి. వారికి కావలసింది భాష తీరు. పాడినవారి బతుకు వారి లెక్కలోకి రాలేదు.

హాలండ్ దేశస్థుడు ఆర్నాల్డ్ బాకే 1930ల నుంచి మన దేశంలో తిరిగి జానపద సంగీతాన్ని మైనపు గొట్టాల మీద రికార్డు చేశాడు. అలాంటి గొట్టాలు బెర్లిన్‌లోని ఫోనోగ్రామ్ ఆర్కైవ్‌కు చేరాయి. 1900లో మొదలైన ఆ సంస్థలో మైనం అరిగిపోకుండా రాగితో అచ్చులు తీసి దాచేవారు. అందుకే వందేళ్ల నాటి గొంతులు ఇంకా వినిపిస్తున్నాయి.

మరికొందరు యంత్రం లేకుండా కలంతో పట్టుకున్నారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, 1931లో సవర భాషా వ్యాకరణం ప్రచురించారు. వెరియర్ ఎల్విన్, శామ్‌రావ్ హివాలే మధ్య భారత గోండుల పాటలను సేకరించి 1935లో ఒక పుస్తకం, 1944లో మరొకటి తెచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, మన కథలు విని, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం రాశాడు. అదే కాలంలో ఆదిలాబాద్‌లో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి గోండి వ్యాకరణం రాశారు.

వీరికి మనం రుణపడి ఉన్నాం. కాదనలేం. కానీ పుస్తకంలోకి మాట వచ్చింది, స్వరం రాలేదు. ఎల్విన్ పుస్తకాల్లో మన పాటలు ఇంగ్లీషు కవితలుగా ఉన్నాయి. వాటిని ఏ వరసలో పాడేవారో, ఏ డోలు దెబ్బ మీద అడుగు పడేదో ఆ పేజీలు చెప్పలేవు.

వినైల్ వచ్చింది, లక్క పోయింది

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్పీ రికార్డును విడుదల చేసింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక వైపే 20 నిమిషాలకు పైగా పాడేది. మరుసటి ఏడాది 45 ఆర్పీఎం చిన్న రికార్డు వచ్చింది. లక్క ప్లేటు కింద పడితే ముక్కలయ్యేది, వినైల్ పగలదు. గరగర శబ్దం కూడా తక్కువ. నెమ్మదిగా లక్క ప్లేటు మూలపడింది. మన దేశంలో మాత్రం 1960ల్లోనూ 78 ప్లేట్లు వస్తూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు కూడా దమ్‌దమ్‌లో 78 ప్లేట్లుగా ఒత్తారంటే నేటి సేకర్తలు వాటి కోసం వెతుకుతూనే ఉంటారు.

వినైల్‌తో అడవికీ రికార్డుకూ ఉన్న సంబంధం తెగింది. కానీ ఇంకో తలుపు తెరుచుకుంది. నిడివి పెరగడం, టేపు రికార్డరు మోసుకెళ్లే వీలు కలగడంతో అడవి పాటలు మొదటిసారి తీరిగ్గా రికార్డు మీదికి వచ్చాయి. అమెరికాలోని ఫోక్‌వేస్ కంపెనీ 1980ల్లో బస్తర్‌లోని మురియా, మారియా గోండుల సంగీతంతో ఒక ఎల్పీ తెచ్చింది. 1987లో ఆ కంపెనీని స్మిత్సోనియన్ సంస్థ తీసుకుని, ఏ రికార్డునూ జాబితా నుంచి తొలగించకుండా అన్నింటినీ అందుబాటులో ఉంచుతోంది. ఎన్ని అమ్ముడుపోతాయో చూడకుండా దాచడం అంటే అది.

తెలుగు పాత రికార్డులు నేడు మనకు వినిపిస్తున్నాయంటే అందులో కంపెనీల కన్నా సేకర్తల పాత్రే ఎక్కువ. బొబ్బిలి జమీందారీ కుటుంబానికి చెందిన వి.ఎ.కె. రంగారావు గారు వేలకు వేల 78 ప్లేట్లు సేకరించి, ఏ పాట ఎవరు పాడారో, ఏ ఏడాదిదో రాసి పెట్టారు. నాటక పద్యాలకూ సినిమా పాటలకూ అలాంటి సేకర్తలు చాలామంది దొరికారు. మన పాటకు సేకర్త ఎవరు? మనం కాకపోతే ఇంకెవరూ కారు.

బటన్ మన చేతికి వచ్చిన రోజు

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను తెచ్చింది. మన దేశంలో 1980ల్లో అది ఉప్పెనలా వచ్చింది. రికార్డు ఒత్తాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్‌లో పాట ఎక్కించాలంటే ఒక టేపు రికార్డరు, రెండు బ్యాటరీలు, ఎర్ర బటన్ నొక్కే ఒక వేలు చాలు. గొంతును పట్టే యంత్రం మొదటిసారి ఆదివాసీ చేతికి వచ్చింది. జాతరల్లో, పెళ్లిళ్లలో, సంఘాల సభల్లో మనవాళ్లే మన పాటలు ఎక్కించుకున్నారు. 60 నిమిషాల క్యాసెట్, 90 నిమిషాల క్యాసెట్ దొరికేవి. మూడు రాత్రుల పాటకు అవీ చాలవు కానీ, మూడు నిమిషాల సంకెల తెగింది.

1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం మొదలై, గోండి, కోలామి భాషల్లో కార్యక్రమాలు వినిపించింది. తన భాష రేడియోలో వినిపించినప్పుడు గూడెంలో పెద్దలకు కలిగిన గర్వం మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

క్యాసెట్‌లో సుఖమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఎక్కించడం ఎంత తేలికో చెరపడం అంత తేలిక. తాత పాడిన పాట మీద సినిమా పాట ఎక్కించిన ఇళ్లు మన గూడేల్లో తక్కువేం లేవు. వానాకాలం తేమకు టేపు మీద బూజు పడుతుంది, టేపుకు పూసిన అయస్కాంత పొడి రాలిపోతుంది. తర్వాత వచ్చిన సీడీ 74 నిమిషాలు పట్టేది. ఇంట్లో కాల్చుకున్న సీడీలు కొన్నేళ్లకే చదవడం మానేశాయి. ఇప్పుడు ఫోన్. ఫోన్ పోతే పాట పోయింది. మెమరీ కార్డు చెడితే నోరు మెదపదు. వాట్సాప్‌లో పంపిన పాట దారిలోనే నాణ్యత పోగొట్టుకుంటుంది.

ఇక్కడొక విచిత్రం చూడండి. వందేళ్ల నాటి లక్క ప్లేటు మీద సూది పెట్టి తిప్పితే ఈనాటికీ పాడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. పదేళ్ల నాటి మెమరీ కార్డు మాత్రం మూగదైపోయింది. యంత్రం కొత్తదైనంత మాత్రాన పాటకు ఆయుష్షు పెరగదు. ప్రతి కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత యంత్రం నుంచి పాటను జాగ్రత్తగా ఎత్తి పెట్టేవాళ్లుంటేనే పాట బతుకుతుంది.

నిడివి సంగతి కూడా ఆలోచించండి. ఫోనులో గంటల కొద్దీ ఎక్కించే వీలుంది. మనమేమో 30 సెకన్ల రీల్ చేసి వదిలేస్తున్నాం. లక్క ప్లేటు మూడు నిమిషాలకు కుదించమంటే కుదరని పాటను, ఎవరూ అడగకుండానే మనమే అర నిమిషానికి కోస్తున్నాం.

గొంతులు తిరిగి తెచ్చుకున్నవారు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పసమక్వాడి అనే ఆదివాసీ జాతి ఉంది. 1890లో జెస్సీ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు వారి పాటలను, కథలను మైనపు గొట్టాల మీద రికార్డు చేశాడు. ఆదివాసీల సంగీతాన్ని వారి ఊళ్లకే వెళ్లి యంత్రంతో పట్టుకున్న తొలి సందర్భాల్లో అది ఒకటి. ఆ గొట్టాలు మ్యూజియంలో ఏళ్ల తరబడి ఉండిపోయాయి. పాడినవారి మనవలకు వాటి ఉనికే తెలియదు.

1979లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం అలాంటి మైనపు గొట్టాలన్నింటినీ కాపీ చేసి, ఆయా జాతులకు తిరిగి అందించే పని మొదలుపెట్టింది. పసమక్వాడి జాతికి కూడా కాపీలు చేరాయి. ఇటీవలి సంవత్సరాల్లో కొత్త పరికరాలతో శబ్దాన్ని మరింత శుభ్రం చేశారు. ఆ జాతి పెద్దలు కూర్చుని విన్నారు. పదాలు గుర్తుపట్టారు. వాడుకలో లేని పాటలను మళ్లీ నేర్చుకున్నారు. ఏ పాట లోకమంతా వినవచ్చు, ఏది తమవారు మాత్రమే వినాలి అన్నది వారే తేల్చి చెప్పారు. గ్రంథాలయం ఆ మాటకు కట్టుబడింది.

వారు చేసినది మనమూ చేయగలం. మన దేశంలో కూడా 1982లో మొదలైన, సంగీత రికార్డింగులను దాచే ఆర్కైవ్ ఇప్పుడు గుర్‌గావ్‌లో పనిచేస్తోంది. విదేశీ పరిశోధకులు ఇక్కడ చేసిన రికార్డింగుల కాపీలను దేశానికి తిరిగి తేవడం దాని ఉద్దేశాల్లో ఒకటి. లండన్, బెర్లిన్, వాషింగ్టన్ సంస్థల జాబితాలు నేడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. చదువుకున్న మన యువత వాటిలో వెతకాలి, ఉత్తరం రాయాలి, అడగాలి.

ఇంట్లో ఉన్నదాన్ని ముందు కాపాడుకుందాం

విదేశాల్లో ఉన్నది అక్కడ భద్రంగానే ఉంది. మన ఇంటి అటక మీద ఉన్నదే ముందు పోతుంది. అందుకు కొన్ని జాగ్రత్తలు.

రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. పుస్తకాల్లా నిలబెట్టండి. రేకుల ఇంటి వేడికి వినైల్ వంగిపోతుంది, కాబట్టి నీడగా, గాలి ఆడే చోట ఉంచండి. మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి. లక్క ప్లేటును మాత్రం స్పిరిట్‌తో ఎన్నడూ తుడవవద్దు, స్పిరిట్‌కు లక్క కరిగిపోతుంది. పాత గ్రామఫోన్ మీద వినైల్ రికార్డు పెట్టవద్దు. దాని ఉక్కు సూది బరువుకు గాడి చిరిగిపోతుంది. 78 ప్లేటుకు లావు మొన ఉన్న సూది, ఎల్పీకి సన్న మొన ఉన్న సూది వేర్వేరుగా వాడాలి.

క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఎవరూ పొరపాటున దాని మీద ఎక్కించలేరు. ఇవాళే విరిచేయండి. స్పీకర్ల పక్కన క్యాసెట్ పెట్టకండి, అయస్కాంతం పాటను చెరుపుతుంది. బూజు పట్టిన టేపును వెంటనే ప్లేయర్‌లో పెట్టవద్దు, తెలిసినవారికి చూపించండి. బాగున్న టేపునైనా ముందు ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చుట్టి, అప్పుడు ప్లే చేయండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయకండి. ప్లేయర్ నుంచి నేరుగా తీగతో కలపండి. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. ఆర్కైవ్‌లు సాధారణంగా వాడే కొలత 96 కిలోహెర్ట్జ్, 24 బిట్. అలా చేస్తే స్టీరియోలో ఒక గంట పాటకు సుమారు 2 జీబీ చోటు పడుతుంది. చోటు ఎక్కువ పడుతుందని నాణ్యత తగ్గించవద్దు. క్యాసెట్ రేపు ప్లే కాకపోవచ్చు, ఇవాళ తీసిందే చివరి కాపీ కావచ్చు. మూడు కాపీలు చేయండి, రెండు రకాల పరికరాల్లో పెట్టండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. ఎక్కించాక పాత క్యాసెట్‌ను పారేయవద్దు.

పేరు, అనుమతి, హద్దు

గౌహర్ జాన్ తన పేరు చెప్పుకుంది కాబట్టి మిగిలింది. మన పాటలు ఎక్కిన ఎన్నో రికార్డుల మీద గాయకుల పేరు ఉండదు. గోండు స్త్రీల పాట, కోయల నృత్యం అని మాత్రమే ఉంటుంది. ఎవరి తల్లి, ఎవరి తాత పాడారో ఆ అట్ట చెప్పదు. మీరు రికార్డు చేసేటప్పుడు పాడేవారితోనే మొదట పేరు, ఇంటిపేరు, సగ, ఊరు చెప్పించండి. తారీఖు చెప్పండి. ఏ సందర్భపు పాట, ఏ నెలలో పాడతారు, పెప్రె ఎవరు ఊదారు, డోలు ఎవరు కొట్టారు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవన్నీ గొంతుతోనే ఎక్కించండి. కాగితం పోయినా గొంతుతో చెప్పినది పాటతోనే ఉంటుంది.

అనుమతి అడగండి. దేవుడి దగ్గర మాత్రమే పాడే పాటలు, ఆ ఇంటివారు తప్ప ఇతరులు వినకూడని కథలు మనకున్నాయి. వాటిని రికార్డు చేయవచ్చా, చేస్తే ఎవరి దగ్గర ఉండాలి అన్నది కటోడా, పటేల్, పెద్దలు చెప్పాలి. యూట్యూబులో పెట్టడమే దాచడం కాదు. కొన్నింటిని మూసి దాచడమే సరైన దాపు.

దాచినది ఎంత దూరం పోతుందో గుంజాల చెప్పింది. 2006లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలోని రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. కొన్ని కుటుంబాలు తరతరాలుగా వాటిని పారేయకుండా దాచుకున్నందుకే అది సాధ్యమైంది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు గుంజాల గోండిని ప్రపంచంలో ఏ కంప్యూటర్ మీదనైనా రాయవచ్చు. అటక మీది కాగితం కంప్యూటర్ దాకా ఎదిగినప్పుడు, అటక మీది క్యాసెట్ ఎందుకు ఎదగదు?

కాలం మాత్రం మన కోసం ఆగదు. 2024 జూన్‌లో కోయ డోలి కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు కన్నుమూశారు. అదే ఏడాది అక్టోబర్‌లో మార్లవాయికి చెందిన గుస్సాడి గురువు, పద్మశ్రీ కనకరాజు గారు వెళ్లిపోయారు. వారు పద్మశ్రీలు కాబట్టి పత్రికల్లో వచ్చింది. ఏ బిరుదూ లేని ఎందరో తాతలు, అవ్వలు ప్రతి ఏడాదీ తమ పాటలతో సహా మట్టిలో కలుస్తున్నారు.

అందుకే యువతను ఒక్కటే అడుగుతున్నాం. వచ్చే దండారి లోపల ప్రతి గూడెంలో ఇద్దరు పిల్లలు పూనుకుని ఒక నోటుబుక్కు తీసుకోండి. ఏ ఇంట్లో పాత ప్లేట్లు, టేపులు, క్యాసెట్లు ఉన్నాయో రాయండి. ఏ ఇంట్లో పాట తెలిసిన పెద్దలు ఉన్నారో, వారి వయసెంతో రాయండి. వయసులో పెద్దవారి ఇంటి నుంచి మొదలుపెట్టి, పూర్తి పాట, మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా రికార్డు చేయండి. రాత్రంతా పడితే రాత్రంతా కూర్చోండి. ఆ జాబితాలను సంఘం దగ్గరికి తెస్తే, ఎక్కించే పని, కాపీలు దాచే పని అందరం కలిసి చేద్దాం.

ఒకప్పుడు లోకానికి పాట వినిపించడానికి లక్క ఇచ్చాం. ఇప్పుడు యంత్రం మన చేతిలోనే ఉంది. ఇక మన పాటను మనమే దాచుకోవాలి.